నల్లగొండ ఇంగ్లిష్‌కు జర్మనీలో గిరాకీ

జర్మన్లు ఇంగ్లిష్‌లో కథలు రాయాలనుకుంటే లండన్ దిక్కు చూడడం శుద్ధ దండగ, నేరుగా నల్లగొండకు రావాలి. ఊరికే అనడం లేదు. మావాళ్ల పిల్లగాడొకడు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల ఆఫీసులో ఒక జర్మన్ పెద్దమనిషి ఇంగ్లిష్‌లో క్రైమ్ నవల రాస్తూ, పాత్రల మాటలు సహజంగా ఉన్నాయో లేదో ఎవరన్నా చూసిపెడితే బాగుండు అన్నాడట. మనోడు తడుముకోకుండా "మా ఊళ్లో అందరికీ ఇంగ్లిషే" అనేశాడు. అప్పట్నుంచి క్లాక్‌టవర్ సెంటర్‌లో చాయ్ తాగుతూ ఆ నవలను మేమే నడిపిస్తున్నాం.

మా అర్హత తక్కువదేం కాదు. తెలంగాణలో కవులే లేరన్నోళ్లకు 1934లో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను ఒక్క పుస్తకంలో చేర్చి చూపించాడు, అట్లాంటి నేల మీద ఇంగ్లిష్ సలహాదారులు దొరకరా? పైగా జర్మన్‌కూ మనకూ దగ్గరి చుట్టరికం ఉంది. వాళ్ల ఉపవాక్యంలో క్రియ పోయి చివర కూర్చుంటుంది, మనది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. రేపటి పనిని కూడా వాళ్లు వర్తమానంలోనే చెప్పేస్తారు, మనకు రోజూ వచ్చినా రేపు వచ్చినా ఒకటే "వస్తా".

దీనివల్ల ఆయన తప్పులు మాకు తప్పులుగా కనబడవు. హీరో "ఐ యామ్ వెయిటింగ్ హియర్ సిన్స్ 2 అవర్స్" అంటాడు. ఇంగ్లండ్ వాళ్లయితే "హ్యావ్ బీన్" లేదని, "ఫర్" లేదని గోల పెడతారు. బస్టాండ్‌లో మేం రోజూ అనే మాటే కాబట్టి ఏకగ్రీవంగా ఆమోదించాం. హీరో పెళ్లాం మాత్రం "యు ఆర్ కమింగ్ టుమారో, ఓర్?" అంటుంది. జర్మన్లు ప్రశ్న చివర "ఓడర్?", అంటే "లేదా?" అని తగిలించే అలవాటును ఆయన అట్లనే మోసుకొచ్చాడు. ఇది ఘోరమని తేల్చి "ఇజంట్ ఇట్?" అని దిద్దాం. అక్కడ "ఆరంట్ యు?" రావాలని ఒక ఇంటర్ పిల్లగాడు నసిగితే, పెద్దల మధ్యన నీకేం పనని పంపించేశాం.

న్యాయంగా చెప్పాలంటే ఒక్కచోట మావాళ్లు నిజంగానే పనికొచ్చారు. ఇన్‌స్పెక్టర్, చనిపోయినవాడి భార్య ఒక రాత్రి "మీరు" నుంచి "నువ్వు"లోకి దిగే ఘట్టం ఉంది. జర్మన్‌లో "జీ" పోయి "డూ" వస్తుంది, అంతే, చదివేవాడికి గుండె జల్లుమంటుంది. ఇంగ్లిష్‌లో కలెక్టర్‌కూ కుక్కపిల్లకూ ఒకటే "యు". పాపం ఆయన ఎక్కడెక్కడో వెతికాడట. ఆప్, తుమ్ వింటూ పెరిగిన మా రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు చాయ్ గ్లాసు కిందపెట్టి, "అప్పటిదాకా ఆమె ఇన్‌స్పెక్టర్ అంటోంది కదా, ఆ రాత్రి పేరు పెట్టి పిలవమనండి" అన్నారు. ఇంతకన్నా మంచి సలహా లండన్‌లోనూ దొరకదు.

అక్కడితో ఆగితే మేం నల్లగొండోళ్లం ఎట్లయితం? కత్తి పట్టుకున్న హంతకుడు తలుపు తీసి "వాట్ డు యు వాంట్?" అంటే మర్యాదగా లేదని, "మే ఐ నో ద పర్పస్ ఆఫ్ యువర్ విజిట్, ప్లీజ్?" అని మార్చాం. ఆరో అధ్యాయానికొచ్చేసరికి బెర్లిన్ రౌడీలందరూ తహసీల్దారుకు అర్జీ పెట్టుకున్నట్టే మాట్లాడుతున్నారు.

హెడ్మాస్టర్ గారు సొంతంగా కథలు కూడా రాస్తారు. ఒకదాంట్లో దేవరకొండ గొర్ల కాపరి ముసలమ్మతో "అమ్మా, దాహముగా నున్నది, కొంచెము మంచినీరు ఇప్పించగలరా?" అంటాడు. దేవరకొండలో గొర్లు కూడా అట్లా అడగవు. "అవ్వా, జర నీళ్లు పొయ్యి" అని రాయొచ్చు కదా సార్ అంటే, ఆ భాష కామెడీ పాత్రకు అట్టిపెట్టానన్నారు. హాంబర్గ్ రేవులో చేపలమ్మే మనిషి మాత్రం అచ్చం రేవు మనిషిలాగే మాట్లాడాలట, రాజీ పడేది లేదట. ఆ సంగతి వివరిస్తూ జర్మన్ పెద్దమనిషికి నిన్ననే పెద్ద మెయిల్ పెట్టారు, "రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రిగార్డ్స్ ఐ బెగ్ టు స్టేట్" అని మొదలుపెట్టి.