స్కానర్ వచ్చింది సరే, నడిపే మనిషేడి?

విశాఖలో ఇప్పుడు ఎవరిని కదిపినా డేటా సెంటర్ల కబుర్లే. గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానంది, సముద్రం అడుగునుంచి కేబుళ్లు మన ఒడ్డుకే వస్తాయంటున్నారు. మంచిదే, రావాలి. కానీ అదే ఊళ్లో, మధురవాడలో అద్దె గదిలో ఉండి పీహెచ్‌డీ చేసుకుంటున్న అమ్మాయికి ఒక జర్నల్ వ్యాసం ఎలా తెరుచుకోవాలో పక్కన కూర్చుని చూపించే లైబ్రరీ మనిషి దొరకడం లేదు. ఈ సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. అందుకే రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

డబ్బు లేదని మాత్రం అనకండి. కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మూడేళ్లకు 6000 కోట్లు కేటాయించింది. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు, దాదాపు 13 వేల జర్నళ్లు, 2025 జనవరి నుంచి ప్రభుత్వ యూనివర్సిటీలకు, కాలేజీలకు అందుబాటులోకి వచ్చాయి. అయినా మన స్కాలర్లు ఏం చేస్తున్నారు? ఐఐటీలో చదివే ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో లింక్ పంపి "పీడీఎఫ్ తీసి పెట్టవా" అని బతిమాలుకుంటున్నారు. క్యాంపస్ బయటి నుంచి కూడా వాడుకోవడానికి, యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ లాగిన్ ఒకటి ఉందని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. ఆ లాగిన్లు తయారుచేసి ఇవ్వాల్సిన లైబ్రరీ సెక్షన్‌లో రిటైరైనవాళ్ల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఉన్న ఒక్కరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నో డ్యూస్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతున్నారు.

ఇక లైబ్రరీల కోసం విదేశీ యూనివర్సిటీలతో చేసుకునే ఒప్పందాల సంగతి. నేను దగ్గరగా చూసిన ఒక లైబ్రరీ ఉంది, పేరు వద్దు. బయటి దేశం యూనివర్సిటీ ఒకదాని ప్రాజెక్టు కింద ఖరీదైన బుక్ స్కానర్, సర్వర్ వచ్చాయి. శాలువాలు కప్పుకున్నారు, ఫొటోలు దిగారు. ట్రైనింగ్‌కి వెళ్లింది ప్రొఫెసర్లు. మిషన్ నడపడం నేర్చుకున్నది మాత్రం ఇద్దరు కాంట్రాక్టు కుర్రాళ్లు. ప్రాజెక్టు ముగిసింది, వాళ్ల జీతాలూ ఆగిపోయాయి, ఇద్దరూ హైదరాబాద్ వెళ్లిపోయారు. వెళ్లక ఏం చేస్తారు? ఏటేటా మరమ్మతులు చూసే కాంట్రాక్టుకి (ఏఎంసీ) డబ్బు ఎవరూ రాసిపెట్టలేదు, కొన్నాళ్లకి సర్వర్ డిస్కు పోయింది, బ్యాకప్ లేదు. స్కానర్ మీద ఇప్పుడు దుప్పటి కప్పి ఉంది. ఆ విదేశీ యూనివర్సిటీ చెప్పింది చెప్పినట్టు ఇచ్చింది, వాళ్ల మీద నాకు ఒక్క ముక్క ఫిర్యాదు లేదు. నా కోపమంతా మనవైపు సంతకం పెట్టినవాళ్ల మీదే.

ఇది కొత్త కథ కూడా కాదు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే ప్రాజెక్టు తలపెట్టారు. ఇక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, తిరుమల తిరుపతి దేవస్థానం వంటి చోట్ల స్కానింగ్ జరిగింది. చైనా, ఈజిప్టు కూడా చేతులు కలిపాయి. అచ్చులో ఎక్కడా దొరకని వేల తెలుగు పుస్తకాలను ఈ రోజు ఫోన్‌లో చదువుకుంటున్నామంటే ఆ చలవే, దానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ పుస్తకాల్లో ఒకదాని కోసం వెతికి చూడండి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు, రచయిత పేరు ఉండాల్సిన చోట ఇంకేదో ఉంటుంది, మధ్యలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. తెలుగు చదవగలిగే క్యాటలాగర్ ఒకరు పక్కన ఉండి సరిచూస్తే పోయేది. స్కానింగ్‌కి పెట్టినంత శ్రద్ధ క్యాటలాగింగ్ మీద పెట్టలేదు. చివరికి ఆ స్కాన్లు పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటే మూతపడింది. ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కాపీలు ఎక్కించబట్టి ఆ పుస్తకాలు మనకి మిగిలాయి.

బాగా రాసుకున్న ఒప్పందాలు లేవా అంటే ఉన్నాయి. పాడైపోయే ప్రమాదంలో ఉన్న పాత పత్రాలను డిజిటల్ కాపీలు తీయించడానికి బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ నడుపుతోంది. దాని షరతులు చూడండి: అసలు ప్రతులు వాటి దేశం దాటకూడదు, పని నేర్చుకునేది ఆ దేశం మనుషులే, డిజిటల్ కాపీ ఒకటి ఆ దేశంలోనే ఉండాలి. ఆ చివరి షరతు ఎంత అవసరమో 2023 అక్టోబర్‌లో తెలిసింది. అంత పెద్ద బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ దాడి (డబ్బు కోసం కంప్యూటర్లకు తాళం వేసేది) జరిగి, ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి మూతపడ్డాయి. కాపీ బ్రిటిష్ లైబ్రరీలో మాత్రమే ఉంటే మన వస్తువు మనమే చూసుకోలేని పరిస్థితి. అలాగని మొత్తం విశాఖలోనే పెట్టుకున్నా చాలదు. ఉప్పుగాలికి ఏ మిషనూ ఎక్కువకాలం నిలవదు, 2014లో హుద్‌హుద్ తుపాను మన ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌ని ఏం చేసిందో చూసినవాళ్లం. ఇక్కడొకటి, సముద్రానికి దూరంగా ఇంకో ఊళ్లో ఒకటి ఉండాలి.

సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని కూడా లేదు. లైబ్రరీ క్యాటలాగు నడిపే, న్యూజిలాండ్‌లో పుట్టిన కోహా, డిజిటల్ కాపీలు దాచిపెట్టే, ఎంఐటీ వాళ్లు హెచ్‌పీతో కలిసి 2002లో తెచ్చిన డీస్పేస్ రెండూ ఉచితమే. అయితే లైనక్స్ సర్వర్ చూసుకోగలిగినవాళ్లు, యూనికోడ్ (తెలుగు అక్షరాలను ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే పద్ధతి) తెలిసినవాళ్లు కావాలి. తెలుగు శాఖల్లో ఏళ్ల తరబడి థీసిస్‌లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేయించారు. వాటిని దేశంలోని థీసిస్‌లన్నీ పెట్టే శోధ్‌గంగ సైటులో పెట్టినా లోపలి మాటలు తెలుగులో వెతికితే దొరకవు, ఎందుకంటే కంప్యూటర్‌కి అవి తెలుగు అక్షరాలే కావు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడం, పాత అచ్చు పుస్తకాల బొమ్మల్లోంచి అక్షరాలు రాబట్టి (ఓసీఆర్ చేసి) ఒత్తులూ గుణింతాలూ సరిచూడటం మనవాళ్లే చేయగలిగిన పని.

అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది. మనం ఒప్పందాలకి చెయ్యి చాచి వెళుతున్నాం, అలా వెళ్లాల్సిన అవసరం లేదు. 1962 నుంచి, మనం కొన్న గోధుమలకి రూపాయల్లో కట్టిన బాకీ సొమ్ముతో అమెరికా మన పుస్తకాలు కొనుక్కుని తన యూనివర్సిటీలకు పంపుకుంది, అందులో తెలుగువీ ఉన్నాయి. బ్రౌన్ నిఘంటువులో ఒక మాట కావాలంటే ఇవాళ్టికీ మనం షికాగో యూనివర్సిటీ సైటులో వెతుక్కుంటున్నాం. ఆ పుస్తకాలకు సరైన క్యాటలాగ్ కావాలంటే తెలుగు బాగా వచ్చిన లైబ్రేరియన్లు వాళ్లకీ కావాలి. మనకేమో డిజిటల్ ప్రిజర్వేషన్, సర్వర్ భద్రత నేర్పేవాళ్లు కావాలి. మన లైబ్రేరియన్ అక్కడ ఆరు నెలలు, వాళ్ల సిస్టమ్స్ మనిషి ఇక్కడ ఆరు నెలలు పనిచేస్తే ఇద్దరికీ లాభమే. 1935లోనే లైబ్రరీ సైన్స్ కోర్సు పెట్టింది మన ఆంధ్రా యూనివర్సిటీ, ఆ మాట సమానంగా కూర్చుని అడిగే అర్హత మనకి లేదా?

1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీకి నూరేళ్లు. పూర్వ విద్యార్థులు విరాళాలిస్తున్నారు, విదేశాల నుంచి ప్రతినిధులు వస్తారు, సంతకాలవుతాయి. విరాళమిచ్చే అన్నలకీ అక్కలకీ నా విన్నపం ఒక్కటే. బిల్డింగ్ మీద పేరు చెక్కించుకునే ముందు, వీఎస్ కృష్ణా లైబ్రరీలో సర్వర్లు, సాఫ్ట్‌వేర్ చూసుకునే ఒక సిస్టమ్స్ లైబ్రేరియన్ జీతానికి పదేళ్లపాటు సరిపడా నిధి పెట్టగలరేమో ఆలోచించండి. కౌన్సిళ్లలో కూర్చునే పెద్దలూ, ఈసారి ఏ ఒప్పందం (ఎంఓయూ) మీ టేబుల్ మీదకొచ్చినా ట్రైనింగ్‌కి వెళ్లేవాళ్ల జాబితా అడగండి. అందులో లైబ్రరీలో పర్మినెంట్‌గా పనిచేసేవాళ్ల పేరు ఒక్కటైనా లేకపోతే సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.