నా వ్యాసంలో ఒక్క అక్షరం మార్చారు, వ్యాసమే పోయింది

పోయిన నెల నా వ్యాసం ఒక బహుభాషా పరిశోధన పత్రికలో అచ్చయింది. పత్రిక పేరు చెప్పను. తెలుగు, హిందీ, సంస్కృతం, ఇంగ్లిషు అని అట్ట మీద నాలుగు భాషలూ వేసుకుంటారు. పది రోజులుగా కోపం ఆపుకుంటున్నాను. ఈరోజు ఒక స్టూడెంట్ ఫోన్ చేసి "మేడమ్, నేనూ అదే పత్రికకు పంపనా?" అని అడిగింది. అందుకే రాస్తున్నాను.

వ్యాసం తొలి తెలుగు శాసనాల భాష మీద. కడప జిల్లా కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు క్రీ.శ. 575 ప్రాంతానివి, ఆ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల కాలానివి. ఆ రోజుల్లో మన భాషకు ఴ అనే అక్షరం ఉండేది. ఇప్పుడు మన వర్ణమాలలో లేదు. అప్పట్లో "చోఴ" అని రాసేవాళ్లు. తర్వాత ఆ ఴ పోయి డ వచ్చింది, "చోడ" అయింది. హల్లు పక్కన పడినచోట ర అయింది. తమిళంలో ఇప్పటికీ "పొఴుదు" అంటారు, మనది "ప్రొద్దు". ఒక్క అక్షరం వెంట పోతే రెండు భాషల చుట్టరికం కనిపిస్తుంది. నా వ్యాసమంతా ఆ అక్షరం గురించే.

పత్రిక చేతికొచ్చింది. తెరిచాను. పన్నెండు పేజీల్లో ఎక్కడా ఴ లేదు. అన్నిచోట్లా ళ ఉంది. నేను "ఴ, ళ రెండూ వేరువేరు ధ్వనులు" అని రాస్తే, అచ్చులో "ళ, ళ రెండూ వేరువేరు ధ్వనులు" అని పడింది. కింద నా పేరు, నా కాలేజీ పేరు.

ఫోన్ చేస్తే ఎడిటర్ గారు మర్యాదగానే మాట్లాడారు. "మేడమ్, ఆ అక్షరం మా ఫాంటులో లేదండీ. డబ్బాలు వస్తున్నాయని డీటీపీ అబ్బాయి ళ పెట్టేశాడు. చదివేవాళ్లకు అర్థమైపోతుంది కదండీ" అన్నారు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఆయన పని టైపింగ్. ఆ వాక్యం చదివి "ఇదేంటి, ళకీ ళకీ తేడా ఏంటి?" అని అడగాల్సిన మనిషి ఆ పత్రికలో ఒక్కరైనా ఉండాలి కదా. అచ్చుకు ముందు నేను సరిచూసుకోడానికి ప్రూఫు పంపమని రెండుసార్లు అడిగాను, పంపలేదు. రివ్యూ అని వచ్చిన కాగితంలో అయిదు టిక్కు మార్కులు, చివర "గుడ్ పేపర్" అని ఉన్నాయి. పంపిన మూడో రోజుకే వచ్చింది. నా వ్యాసాన్ని తెలుగు వచ్చినవాళ్లెవరూ చదవలేదని ఆరోజే అనుమానం రావాల్సింది.

యూనికోడ్ అంటే కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ వాడే ఉమ్మడి అక్షరాల పట్టిక. ఴ అందులోకి 2014లోనే వచ్చింది. నేను యూనికోడ్‌లోనే టైప్ చేసి పంపాను. నా ఫోన్‌లో కూడా చక్కగా కనిపిస్తుంది. కానీ ఇప్పటికీ చాలా పత్రికలు మనం పంపిన యూనికోడ్ ఫైలును పాత డీటీపీ ఫాంటులోకి మార్చి పేజీలు పెడతాయి. ఆ మార్పిడిలో అరసున్న పోతుంది, బండి ఱ మామూలు ర అవుతుంది, పద్యపాదాలు ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి. పద్యాల మీద రాసేవాళ్లను అడగండి, ఎంత ఏడుస్తారో చెప్తారు.

అంతకంటే పెద్ద నష్టం బయటికి కనిపించదు. మీ దగ్గర అలాంటి పీడీఎఫ్ ఉంటే ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు కలగలిసిన గందరగోళం వస్తుంది. కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కు కాదు. రేపు ఎవరైనా "రేనాటి శాసనాలు" అని నెట్‌లో తెలుగులో వెతికితే ఆ వ్యాసం దొరకదు. ఏళ్ల తరబడి ఎండలో శాసనాలు చదివి రాసినది మళ్లీ భూమిలో పాతేసినట్టే.

వ్యాసం ఎక్కడినుంచైనా ఎత్తి రాశారా అని చూసే కాపీ పరీక్ష సంగతీ ఇంతే. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం వేరే రచనలతో పోలిక పది శాతం దాకా ఉంటే తప్పు పట్టరు. ఇలాంటి ఫాంటులో ఉన్న తెలుగు వ్యాసాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే దానికి కనిపించేది ఆ గందరగోళమే, దాన్ని దేనితో పోలుస్తుంది? వేరేవాళ్ల వ్యాసం మొత్తం ఎత్తి రాసినా సున్నా శాతం సర్టిఫికెట్ రావచ్చు. నిజాయితీగా రాసే పిల్లలకు ఇది అన్యాయం.

పేర్ల గొడవ ఇంకోటి. ఫారంలో "లాస్ట్ నేమ్" అడుగుతారు. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. వ్యాసం చివరి పుస్తకాల పట్టికలో గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు నేను గ దగ్గర రాస్తే, వాళ్లు తిప్పేసి "రామమూర్తి, గిడుగు" అని ర కింద వేశారు. తెలుగు చదివినవాళ్లెవరైనా ఆయన్ని గ దగ్గరే వెతుకుతారు. ఇంగ్లిషు సారాంశం అడగడం మాత్రం మంచిదే, నేను దాన్ని సమర్థిస్తాను. తమిళ, కన్నడ పరిశోధకులు మన పని చూడాలంటే అదే దారి. కానీ మిషన్ ట్రాన్స్‌లేషన్ చేసి పంపకండి. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అబ్బాయి సారాంశంలో వ్యాకరణంలోని "సంధి" కాస్తా "ట్రీటీ" అయింది, అదలాగే అచ్చయింది.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టిన భారతి పత్రిక 1991 దాకా నడిచింది. అక్షరాలు చేత్తో కూర్చే రోజుల నుంచీ శాసనాలు, ఛందస్సు మీద తెలుగులో అంత నిక్కచ్చిగా వ్యాసాలు వేశారు. ఇప్పుడు ఫోన్‌లో ఉన్న అక్షరం పత్రికలో ఉండదంటే ఎలా ఒప్పుకోవాలి?

2025 ఫిబ్రవరిలో యూజీసీ తను ఆమోదించిన పత్రికల జాబితా, కేర్ లిస్టు కూడా తీసేసింది. ఏది మంచి పత్రికో తేల్చుకునే బాధ్యత ఇక యూనివర్సిటీల మీద, మన మీద పడింది. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కదా అని నమ్మకండి, అది పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. ఫోన్ చేసిన ఆ అమ్మాయికి నేను చెప్పిందిదే: ముందు ఎడిటోరియల్ బోర్డులో తెలుగు చదివి తప్పు పట్టగల మనిషి ఎవరో పేరు అడుగు. పాత సంచిక పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి చూడు. "ప్రూఫు పంపం" అంటే ఆ పత్రిక వద్దు. సాయంత్రం పంపితే పొద్దున్నకల్లా "యాక్సెప్టెడ్, ఫీజు కట్టండి" అంటే అసలే వద్దు. "మేడమ్, జూన్‌లో ఇంటర్వ్యూ ఉంది, అప్పటికి పేపర్ ఉండాలి" అంది. ఆ అవసరం నాకు తెలుసు. అయినా ఇంకో రెండు నెలలు ఆగమన్నాను, ఆ వ్యాసం అంత బాగుంది.

నా సంగతంటారా, సరిచేసిన పీడీఎఫ్ పెట్టమని, వచ్చే సంచికలో సవరణ వేయమని మూడోసారి మెయిల్ పంపాను. ఴ ఉన్న ఉచిత ఫాంటు ఫైలు కూడా జత చేశాను. ఇంకా జవాబు రాలేదు. నాలుగోదీ పంపుతాను.