బాకీ సర్కారుది, తాకట్టు పిల్లలది

చదువు పూర్తయిన పిల్లలు సొంత సర్టిఫికెట్ల కోసం కాలేజీ ఆఫీసుల చుట్టూ తిరగడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. పేద విద్యార్థుల తరఫున ప్రభుత్వం కాలేజీలకు కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు వేల కోట్లకు చేరిన సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఏకంగా తాళాలే వేసుకున్నాయి. మంత్రులు చర్చలకు పిలిచారు, కొంత విదిలించారు, కాలేజీలు తెరుచుకున్నాయి. ఆ చర్చల్లో రెండు పక్షాలూ కూర్చున్నాయి గానీ విద్యార్థి తరఫున కూర్చున్నవారు లేరు. ప్రభుత్వం బాకీ పడితే విద్యార్థి సర్టిఫికెట్ ఎందుకు ఆగాలి? ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఏ ముఖ్యమంత్రీ, ఏ విద్యామంత్రీ సూటిగా జవాబు చెప్పలేదు.

కాలేజీ ఆఫీసులో జరిగేది చూడండి. టీసీ కోసం వెళ్లిన విద్యార్థి చేతిలో బాకీలేవీ లేవని సంతకాలు తెచ్చుకునే నో డ్యూస్ ఫారం పెడతారు. లైబ్రరీలో సంతకం అవుతుంది. ల్యాబ్‌లో అవుతుంది. అకౌంట్స్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. ‘రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఆ డబ్బు కట్టి తీసుకెళ్లండి, ప్రభుత్వం వేశాక మీకు తిరిగిస్తాం’ అంటారు. పీజీ కౌన్సెలింగ్‌కు గడువు రెండు మూడు రోజులే ఉంటుంది. కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి ఒరిజినల్స్ అడుగుతుంది. అప్పుడు ఆ తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు, లేదా తల్లి మెడలోది కుదవకు వెళ్తుంది. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. కట్టిన డబ్బుకు రసీదు అడిగితే తెల్లకాగితం మీద అంకె రాసిచ్చే కాలేజీలూ ఉన్నాయి. రేపు ప్రభుత్వం నిధులు వేసినా ఆ కాగితం పట్టుకుని మళ్లీ కాలేజీ చుట్టూ తిరగాలి.

బడ్జెట్‌లో ఏ అప్పుల పద్దు కిందా కనిపించకపోయినా ఇది అప్పే. పేద కుటుంబం బజార్లో వడ్డీకి తెచ్చి ప్రభుత్వానికి వడ్డీ లేకుండా ఇచ్చిన అప్పు. విద్యారుణాల గురించి ఇంత చర్చ జరుగుతున్న దేశంలో ఈ అప్పు గురించి మాట్లాడేవారే లేరు.

ఖజానా పరిస్థితి బాగోలేదని, కొన్ని కాలేజీలు లేని విద్యార్థులను చూపించి బిల్లులు పెడుతున్నాయని ప్రభుత్వాలు చెబుతున్నాయి. అందులో కొంత నిజం ఉండవచ్చు. దొంగ అడ్మిషన్లుంటే తనిఖీలు చేయండి, దొరికినవాళ్ల మీద కేసులు పెట్టండి. 75 శాతం హాజరుతో రోజూ క్లాసులకు వచ్చి, వేలిముద్ర వేసి, పరీక్ష పాసైన పిల్లలకు ఆ దొంగతనంతో సంబంధం ఏమిటి? వాళ్ల సర్టిఫికెట్ ఎందుకు ఆగాలి?

కాలేజీల వాదనా మాకు తెలుసు. చిన్న పట్టణాల్లోని డిగ్రీ కాలేజీలు నెలల తరబడి లెక్చరర్లకు జీతాలివ్వలేకపోతున్నాయి. బిల్లు చేరిందని ట్రెజరీ టోకెన్లిస్తుంది, డబ్బు పడదు. ఆ యాజమాన్యాల ఇబ్బంది నిజమే. అయితే ప్రభుత్వాన్ని ఏమీ చేయలేక, చేతికి దొరికిన విద్యార్థి మెడ మీద కత్తి పెట్టడాన్ని ఏ ఇబ్బందీ సమర్థించదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను ఏ విద్యాసంస్థా తన దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2016లోనే చెప్పింది, 2018లో మళ్లీ చెప్పింది. ఆ ఆదేశాలను అమలు చేయించాల్సిన ప్రభుత్వమే కాలేజీలకు బాకీ. బాకీదారు నోరెత్తి ఎలా అడుగుతాడు? అందుకే అధికారులు చూసీచూడనట్టు ఊరుకుంటున్నారు. మా ఆందోళనంతా ఇక్కడే. ప్రభుత్వం మాట తప్పినప్పుడల్లా పిల్లల కాగితాలు పట్టుకుని వసూలు చేసుకోవచ్చన్న పద్ధతి స్థిరపడిపోతోంది. ఇవాళ డిగ్రీ మెమో. రేపు హాస్టల్ బిల్లు రాలేదని హాల్‌టికెట్ ఆపుతారు, ఎల్లుండి ఇంకొకరు ఇంకొకటి ఆపుతారు.

వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో ఈ పథకం మొదలైనప్పుడు ఇచ్చిన మాట, డబ్బు లేదని ఏ పేద పిల్లవాడి చదువూ ఆగదని. తర్వాత వచ్చినవాళ్లెవరూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు, అలాగని పూర్తిగా నిలబెట్టుకోనూ లేదు. తెలంగాణలో ఇంజినీరింగ్ చేరిన బీసీ, ఈబీసీ పిల్లల్లో చాలామందికి ర్యాంకు పదివేలు దాటితే ఇచ్చేది 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష దాటినా అంతే. పదేళ్లకు పైగా ఆ అంకె కదల్లేదు. మిగతాది కుటుంబం ముందే కడుతోంది. ఆ 35 వేలు కూడా సమయానికి రావు. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం డబ్బును తల్లుల ఖాతాల్లో వేసింది. 2021లో హైకోర్టు కాదంది. తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా అన్నారు. ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే వచ్చారు. ఖాతా మారినప్పుడల్లా ప్రకటనలు, ప్రచారాలు. ఆలస్యం మాత్రం ఏ ఖాతాలోనూ తగ్గలేదు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికైతే 2020లో పథకాన్నే ఆపేశారు.

పార్టీల తీరు మరీ దారుణం. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బకాయిల మీద ధర్నా చేసిన పార్టీ గద్దెనెక్కగానే ‘పాత ప్రభుత్వం మిగిల్చిన బాకీ’ అంటుంది. ఆ బాకీ మిగిల్చిన పార్టీ గద్దె దిగగానే కలెక్టరేట్ల ముందు బైఠాయిస్తుంది. ఆంధ్రాలో తెలుగుదేశం, వైసీపీ, తెలంగాణలో బీఆర్ఎస్, కాంగ్రెస్ ఈ రెండు పాత్రలనూ పోషించినవే. ఎవరి హయాం బకాయి ఎంతన్న లెక్కల మీద అసెంబ్లీలో గంటల తరబడి కొట్లాడుకుంటారు. ఆ లెక్క తేలేదాకా సర్టిఫికెట్ మాత్రం బీరువాలోనే ఉంటుంది.

రీయింబర్స్‌మెంట్ భారమైతే పిల్లలు బ్యాంకు రుణాలు తీసుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకాన్నే చూడండి. హామీ, పూచీకత్తు లేకుండా రుణమన్నారు, 8 లక్షల లోపు ఆదాయమున్నవారికి వడ్డీలో 3 శాతం రాయితీ అన్నారు. కానీ అది ర్యాంకింగ్స్‌లో ముందున్న సంస్థల్లో (ఆమోదించేనాటికి సుమారు 860) సీటొచ్చినవారికి. మండల కేంద్రంలో బీకాం చదివే అమ్మాయి కాలేజీ ఆ జాబితాలో ఉండదు. పైగా కేంద్రం తన సంస్థలకు భవనాల కోసం ఇచ్చే గ్రాంట్లనే 2017 నుంచి హెఫా అనే ఉన్నత విద్యా రుణ సంస్థ ద్వారా చాలావరకు రుణాలుగా మార్చేసింది. సంస్థలకూ అప్పే, పిల్లలకూ అప్పే అయితే చదువు బాధ్యతలో ప్రభుత్వం వాటా ఎంత?

ఇప్పుడు చేయాల్సిన పనికి కొత్త కమిటీలు అక్కర్లేదు. రీయింబర్స్‌మెంట్ రాలేదన్న కారణంతో సర్టిఫికెట్ ఆపితే కాలేజీ గుర్తింపు మీద చర్య ఉంటుందని జీవో ఇవ్వండి. ఆ జీవో ఇచ్చే నైతిక హక్కు రావాలంటే ముందు చదువు పూర్తయి బయటికొచ్చిన విద్యార్థుల బకాయిలు కట్టండి. పిల్లల దగ్గర కాలేజీలు వసూలు చేసిన డబ్బు వడ్డీతో సహా వాళ్లకు చేరేలా చూడండి. ఏ కాలేజీకి ఏ ఏడాది ఎంత బాకీయో ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్లలో అందరికీ కనిపించేలా పెట్టండి. కాంట్రాక్టర్ల బిల్లులకు దొరికే నిధులు ఇక్కడికి వచ్చేసరికి ఎందుకు దొరకవో ఆర్థిక మంత్రులు సభలో నిలబడి చెప్పాలి. చెప్పలేకపోతే, వచ్చే ఎన్నికల్లో ఈ పిల్లల ఇళ్ల ముందుకు మేనిఫెస్టో పట్టుకుని రావద్దు.