వానకు అనుమతి ఎవరిచ్చారు?

తెల్లవారుజామునే లేచి జలపాతం చూడ్డానికి నడిచివెళ్లే బృందాలకు జరుగుతున్న అన్యాయం మీద ఇప్పటికైనా ఎవరో ఒకరు గొంతు విప్పాలి. రాత్రి పడుకునే ముందు యాప్‌లో సూర్యుడు నిండుగా నవ్వుతుంటాడు. నాలుగింటికి అలారం మోగి కళ్లు తెరిస్తే బయట ధారగా వాన. ముందస్తు నోటీసు లేదు. వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. పిలవని పేరంటానికి వచ్చేవాళ్లయినా గుమ్మంలో కాస్త మొహమాటపడతారు.

యాప్ తప్పేం లేదని వాదించే మేధావులున్నారు. 'వాన పడే అవకాశం 30 శాతం' అంటే, అలాంటి రోజులు పది వస్తే మూడింట్లో వాన పడుతుందని అర్థమట. మనకున్నదే ఒక్క ఆదివారం. దాన్ని పది పెట్టి భాగించుకుని ఎక్కడ కూర్చోవాలి?

నిజానికి మనం అడుగుతున్నది గొంతెమ్మ కోరికేం కాదు. జలపాతం నిండుగా దూకాలి. హోరు మలుపు దగ్గరికే వినబడాలి. తుంపర మొహాన పడాలి, కానీ జుట్టు చెదరకూడదు. వాన మాత్రం పడకూడదు. మరి అంత నీరు ఎక్కడి నుంచి వస్తుందంటారా? అది పాలనాపరమైన విషయం, సందర్శకులకు సంబంధం లేదు. ఎక్కడో ఎగువన, మనం నిద్రపోయే వేళల్లో కురిసి, తెల్లారేసరికి దారి ఆరబెట్టి ఉంచితే చాలు.

విచిత్రమేమిటంటే ఈ కోరిక అప్పుడప్పుడు అక్షరాలా తీరుతుంది. ఎగువన కుండపోత, మన నెత్తిన నీలాకాశం. కాసేపటికి ఆ నీరు కిందికి దిగుతుంది. అప్పటిదాకా తేటగా పారిన వాగు మట్టిరంగు తిరుగుతుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, చప్పుడు పెరుగుతుంది. తెలిసినవాళ్లు దీన్ని హెచ్చరిక అంటారు, వెంటనే ఎత్తుకు ఎక్కేస్తారు. మన గ్రూపు 'వావ్' అంటుంది, వీడియో ఆన్ చేస్తుంది.

వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతుంటే చాలు, ఎదిగిన మనిషిని పడగొట్టగలవనీ, 30 సెంటీమీటర్లుంటే చిన్న కార్లను లాక్కుపోగలవనీ అమెరికా జాతీయ వాతావరణ సంస్థ పదే పదే చెబుతుంది. 15 సెంటీమీటర్లంటే బడిపిల్లల జామెట్రీ బాక్సులో ఉండే చిన్న స్కేలు. అవతలి ఒడ్డు నుంచి మన నాయకుడు పిలుస్తుంటాడు: "రండి రండి, ఏం కాదు, మోకాలి లోతే!" ఆయన మోకాలికి అలాంటి స్కేళ్లు మూడు నిలబెట్టవచ్చు. 'వాన రాకడ, ప్రాణం పోకడ' అన్న పెద్దాయన ఆ రెండింటినీ ఇలాంటి వాగు దగ్గరే కలిపి చూసి ఉంటాడని నా అనుమానం.

ఇక ఆ నల్లబండ. ఎండలో ఎంత మర్యాదస్తురాలో! తడిసిందంటే పాచి జిగురు తేలి కాలు నిలవనివ్వదు. దాని మీద ఒకాయన కొత్త బూట్లతో నిలబడి ఉంటాడు. ఒక చేత్తో చెట్టుకొమ్మ, రెండో చేత్తో ఫోను. తెర మీద పడ్డ నీటిచుక్కల్ని ఫోను వేళ్లే అనుకుంటుంది. కెమెరా నొక్కితే కాలిక్యులేటర్ తెరుచుకుంటుంది. ఆయన కొమ్మ పట్టుకున్న చెయ్యి కూడా ఫోనుకే ఇస్తాడు. మిగతాది భూమ్యాకర్షణ చూసుకుంటుంది.

ఇంత కష్టం దేనికంటే ఆరోగ్యానికి. నీటిచుక్క చితికినప్పుడు చుట్టూ ఉన్న గాలికి రుణావేశం, అంటే నెగటివ్ విద్యుత్ చార్జి, అంటుతుందని జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ లెనార్డ్ 1892లో రాశాడు. ఆ పుణ్యమా అని ప్రతి బృందంలోనూ ఒకరు "నెగటివ్ అయాన్లు, బాగా పీల్చండి" అని అందరికీ చెప్పి, తాను సిగరెట్ వెలిగిస్తారు. దారి పొడవునా వానచుక్కలూ బండల మీద పడి చితుకుతూనే ఉన్నాయి. వాటికి మాత్రం అందరూ మూతి ముడుచుకునే నడిచారు.

మధ్యలో ఎవరో ఒకరు "వెనక్కి పోదాం" అంటారు. ఇలాంటివాళ్లను ముందే గుర్తించి గ్రూపులోంచి తీసేయాలి. సాధారణంగా వాళ్ల దగ్గరే టార్చిలైటూ, తాడూ, పొడిబట్టలూ ఉంటాయి కాబట్టి వాటిని తీసుకుని తీసేస్తే మేలు.

చివరికి చేరేసరికి లోయంతా పొగమంచు. జలపాతం కనబడదు, వినబడుతుంది. అందరూ శబ్దం వచ్చే వైపు తిరిగి ఫొటో దిగుతారు. ఇంటికొచ్చి, జలగ కరిచిన చోట మందు రాసుకుని, ఒకాయన ఆన్‌లైన్‌లో ఆ జలపాతానికి ఒక్క స్టార్ ఇస్తాడు: 'నీళ్లు మరీ ఎక్కువ, ఏర్పాట్లు బాగోలేవు.' దాని కిందనే వేసవిలో ఇచ్చిన మరో ఒక్క స్టార్ ఉంది: 'నీళ్లే లేవు, మోసం.' రెండూ ఆయనవే.