బ్యాటరీకి వైరాగ్యం నేర్పిన అప్‌డేట్

టాబ్లెట్‌ను అప్‌డేట్ చేసినప్పటి నుంచి ఛార్జింగ్ నిలవడం లేదని వాపోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నిన్నటిదాకా రాత్రి వరకు వచ్చిన బ్యాటరీ ఇవాళ మధ్యాహ్నానికే కొండెక్కితే అది నష్టమా? ఏదీ శాశ్వతం కాదని పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా మన చెవికెక్కలేదు. ఆ బాధ్యతను అప్‌డేట్ నెత్తికెత్తుకుంది, అదీ ఉచితంగా.

ముందుగా దాని ప్రకటనలోని వాక్సంయమాన్ని మెచ్చుకోవాలి. "కొన్ని లోపాలు సరిదిద్దాం, పనితీరు మెరుగుపరిచాం." అంతే. ఏ లోపం, ఎప్పటి నుంచి ఉంది, దాన్ని లోపలికి రానిచ్చిందెవరు? అడగరాదు. మన టాబ్లెట్‌లో లోపాలున్న సంగతి మనకు తెలిసేదే అవి పోయాయని చెప్పినప్పుడు.

ఇక అసలు పని. బదిలీ మీద కొత్తగా వచ్చిన అధికారి మొదటి రోజే పాత రికార్డులన్నీ తిరగరాయిస్తాడు చూడండి, అప్‌డేట్ అచ్చం అలాగే చార్జి తీసుకుంటుంది. ఉన్న ఫైళ్లన్నిటికీ మళ్లీ సూచిక వేయాలి. ఫోటోలన్నీ ఒకసారి తిరగేసి, పదేళ్ల కిందటి పెళ్లి గ్రూపులో వెనక వరసలో కళ్లు మూసుకున్న బాబాయి ఎవరో మళ్లీ పోల్చుకోవాలి. యాప్‌లను కొత్త వ్యవస్థకు తగ్గట్టు మళ్లీ సిద్ధం చేయాలి. వాటికి కూడా అప్‌డేట్లు వచ్చి ఉంటాయి, అవీ దిగాలి. ఇంత చాకిరీ చేసే ప్రాసెసర్‌కు కాస్త ఒళ్లు వెచ్చబడదా? ఆ జ్వరాన్ని భరించేది బ్యాటరీ. సాధారణంగా రెండు మూడు రోజుల్లో ఈ హడావుడి సద్దుమణుగుతుంది. రాత్రి ఛార్జర్‌కు తగిలించి వదిలేస్తే ఇంకా తొందరగా తెములుతుంది, ఎందుకంటే ఈ పనుల్లో కొన్ని టాబ్లెట్ ఖాళీగా, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే జరుగుతాయి. ఈ ఒక్క ముక్క ఆ ప్రకటనలో రాయవచ్చు. కానీ రాస్తే గాంభీర్యం చెడుతుంది.

2014లో ఆండ్రాయిడ్ 5 వచ్చిన కొత్తలో కొంత పారదర్శకత ఉండేది. అప్‌డేట్ అయ్యాక యాప్‌లను ఒక్కొక్కటిగా సిద్ధం చేస్తూ, ఎన్నింట్లో ఎన్నో యాపో తెరమీద లెక్క చూపించేది. కాఫీ తాగి వచ్చినా ఆ లెక్క సగం దాటేది కాదు. విసుక్కున్నాం. దాంతో 2016 నాటి ఆండ్రాయిడ్ 7 నుంచి ఆ తతంగంలో చాలాభాగం తెరవెనక్కి పోయింది. ఇప్పుడు లెక్క లేదు, అనుమానం మాత్రం ఉంది.

అనుమానం తీర్చుకోవడానికి బ్యాటరీ వాడకం పేజీ తెరిచానొకసారి. ఛార్జింగ్ మింగినవాళ్ల జాబితాలో పై వరసలో తెర, సిస్టమ్. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ తన పేరు తానే రాసిపెట్టాడు, పట్టుకుని ఏం చేయాలో మాత్రం తెలియదు. "నాన్నా, ముందు ఆ బ్రైట్‌నెస్ తగ్గించు" అన్నాడు మా అబ్బాయి. తగ్గించాను. తేడా కనిపించింది. ఈ విషయం ఎక్కడా చెప్పొద్దని వాడి దగ్గర మాట తీసుకున్నాను, మన ఫిర్యాదు బలహీనపడుతుంది కదా.

న్యాయంగా చెప్పుకోవాలంటే, అన్ని నేరాలూ అప్‌డేట్‌వి కావు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరుగుతుంటాయి. లిథియం అయాన్ బ్యాటరీ వాడినకొద్దీ సత్తువ కోల్పోతుంది. వేడి తగిలితే, ఎప్పుడూ నూరు శాతం మీదే కూర్చోబెడితే ఇంకా త్వరగా. తన ఐప్యాడ్ బ్యాటరీలు అనువైన పరిస్థితుల్లో 1000 ఛార్జింగ్ సైకిళ్ల (నిండు బ్యాటరీ అంత ఛార్జింగ్ ఖర్చయితే ఒక సైకిల్) తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారయ్యాయని యాపిల్ చెబుతుంది. నాలుగేళ్లుగా నీరసపడుతున్న పండు సరిగ్గా అప్‌డేట్ వాలిన రోజే రాలితే కాకినే తిడతాం.

అయితే ఆ కాకి చరిత్ర కూడా అంత తెల్లగా లేదు. 2017 జనవరిలో యాపిల్ తన ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన అప్‌డేట్ ఐఓఎస్ 10.2.1, బ్యాటరీ నీరసించిన కొన్ని ఐఫోన్ల వేగానికి కళ్లెం వేసింది. పాత బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేక ఫోన్ ఠపీమని ఆగిపోకుండా ఈ ఏర్పాటు అన్నారు. కారణం సబబైనదే. చెప్పింది మాత్రం ఆ ఏడాది డిసెంబరులో, జనం లెక్కలు తీసి నిలదీశాక. తర్వాత బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి దిగింది. 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది, ఫోన్‌ను నెమ్మది చేసినందుకు కాదు, నెమ్మది కావచ్చని వాడేవాళ్లకు చెప్పనందుకు. టాబ్లెట్లు ఆ గొడవలో లేవు. కానీ అన్న దొరికిపోయిన ఇంట్లో తమ్ముడి జేబులు కూడా తడుముతారు కదా.

యూరోపియన్ యూనియన్ వారికి ఈ వైరాగ్య బోధ నచ్చినట్టు లేదు. 2025 జూన్ 20 నుంచి అక్కడ కొత్తగా మార్కెట్లోకి వచ్చే టాబ్లెట్ల బ్యాటరీకి 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సత్తువ మిగలాలని నిబంధన పెట్టారు. అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లపాటు అప్‌డేట్లు ఇవ్వాలన్నారు. అంటే బ్యాటరీనీ అప్‌డేట్‌నూ ఒకే పీట మీద కూర్చోబెట్టి కొంగుముడి వేశారు. కాపురం వాళ్లిష్టం.

ఇది రాస్తుండగానే నా టాబ్లెట్‌కు మరో అప్‌డేట్ వచ్చింది. ఈసారి ప్రకటన కాస్త పొడుగు: గత అప్‌డేట్ తర్వాత కొందరికి బ్యాటరీ త్వరగా తగ్గుతున్న సమస్యను పరిష్కరించారట. ఇన్‌స్టాల్ చేయాలంటే కనీసం 50 శాతం ఛార్జింగ్ ఉండాలి. ఆ షరతు చదవడం మొదలుపెట్టినప్పుడు 51 ఉంది. కళ్లజోడు వెతికి తెచ్చుకుని చదవడం పూర్తి చేసేసరికి 49.