పిలవని పేరంటానికి మర్యాదలు

చిన్న దేశాలకు మర్యాద తెలియడం లేదు. ఇంత సూటిగా అనడానికి నాకూ మొహమాటంగానే ఉంది, కానీ పెద్ద దేశాల తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా. పాపం, వాళ్ళు రాత్రంతా మేలుకుని మ్యాపులు గీసుకుంటారు. తెల్లవారుజామున బయల్దేరతారు. మధ్యాహ్న భోజనం అవతలివాళ్ళ రాజధానిలోనే అని లెక్క వేసుకుంటారు. తీరా వచ్చేసరికి ఇంటివాళ్ళు తలుపు తీయరు! పిలవని పేరంటమే అనుకోండి, అయినా వచ్చినవాళ్ళ శ్రమకు విలువ ఇవ్వాలా వద్దా?

మర్యాద అంటే ఏమిటో 1940 ఏప్రిల్ 9న డెన్మార్క్ చూపించింది. జర్మనీ సైన్యం తెల్లవారుజామున సరిహద్దు దాటింది, పొద్దున కాఫీల వేళకు అంతా సర్దుకుంది. ఒకరి మీద ఒకరు దాడి చేసుకోకూడదని ఈ రెండు దేశాలూ 1939 మేలో ఒప్పందం రాసుకున్నాయి. ఏడాది కూడా నిండలేదు. కాగితం చిరగలేదు, సిరా వెలవలేదు. దాన్ని దాటుకుని వచ్చారంతే.

ఈ సంప్రదాయాన్ని నిలబెట్టాలని అక్కడ ప్రయత్నం కూడా జరిగింది. 1970ల్లో మోగెన్స్ గ్లిస్ట్రుప్ అనే డెన్మార్క్ నాయకుడు రక్షణ శాఖ దండగ, ఒక ఆన్సరింగ్ మెషీన్ చాలు అన్నాడు. అప్పట్లో భయం సోవియట్ యూనియన్‌తోనే కాబట్టి, ఫోన్ చేసినవాళ్ళకు ‘మేం లొంగిపోతున్నాం’ అని రష్యన్‌లో వినిపిస్తుంది. ఎవరో ఊరికే అన్న మాట అనుకోకండి, 1973 ఎన్నికల్లో ఆయన పార్టీ పార్లమెంటులో రెండో స్థానంలో నిలిచింది. ఖర్చు చూసుకుంటే ఇంతకంటే చవకైన రక్షణ ఏముంటుంది? కరెంటు పోతే మాత్రం ఇబ్బంది. మనం లొంగిపోయిన సంగతి అవతలివాళ్ళకు తెలియక టెన్షన్ పడతారు.

1940లో డెన్మార్క్ లొంగిన అదే రోజు, అదే తెల్లవారుజామున నార్వే చేసిన పని చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఓస్లోకు వెళ్ళే సముద్రపు పాయ ఒకచోట బాగా ఇరుకవుతుంది. ఆ ఇరుకులో ఆస్కార్స్‌బోర్గ్ అనే ముసలి కోట ఉంది. కోటలో 1893 నాటి ఫిరంగులు. వాటికి మోజెస్, ఆరన్ అని బైబిల్లో పెద్దల పేర్లు. శిక్షణ ఉన్న సిబ్బంది ఒక్క ఫిరంగికే సరిపోతే, రెండో దాని దగ్గర వంటవాళ్ళను కూడా కలిపి నిలబెట్టారు. రిటైరైపోయి ఇంట్లో ఉన్న ఒక అధికారిని పిలిపించి టార్పెడోలు అప్పజెప్పారు. కోట అధిపతి కల్నల్ బిర్గర్ ఎరిక్సెన్‌కు పైనుంచి స్పష్టమైన ఆదేశం లేదు. చీకట్లో వస్తున్న ఓడలు ఎవరివో కూడా ఖాయంగా తెలియదు. అలాంటప్పుడు పద్ధతి తెలిసిన అధికారి ఏం చేస్తాడు? ఫైలు పెడతాడు, పైవాళ్ళ సంతకం కోసం చూస్తాడు. ఈయన కాల్చమన్నాడు.

ఫిరంగికి ఒక్కొక్క గుండు. మళ్ళీ నింపేంత టైం లేదు. రెండూ తగిలాయి. ఆ పైన టార్పెడోలు తగిలాయి. నౌకాదళంలో చేరి ఏడాదైనా నిండని జర్మనీ యుద్ధనౌక బ్లూషర్, ఓస్లో పాలన చేతిలోకి తీసుకోవడానికి వస్తున్న అధికారులను మోస్తూనే మునిగిపోయింది. అన్నిటికంటే బాధేమిటంటే, ఆ ఫిరంగులు జర్మనీలో క్రుప్ కంపెనీ చేసి అమ్మినవే. తయారుచేసినవాడి నెత్తినే పేల్చడానికి మనసెలా ఒప్పింది?

ఆ కొన్ని గంటల ఆలస్యమే కొంప ముంచింది. రాజు, మంత్రులు, పార్లమెంటు సభ్యులు పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోయారు. బ్యాంకులోని సుమారు 50 టన్నుల బంగారం లారీలెక్కింది. రెండు నెలలకు నార్వే ఓడిపోయిందనుకోండి. కానీ రాజు ఏమయ్యాడు? చేతికి దొరకలేదు. లండన్‌లో కూర్చుని ‘నేనే నార్వే’ అంటుంటే, ఇల్లు ఆక్రమించినవాడికి ఎంత తలవంపులు! మెరుపుదాడి చేసేవాళ్ళకు ముందు కావలసింది ఇంటి యజమాని సంతకం. అది మొదటి రోజే దొరక్కపోతే మిగతా పనంతా ఏళ్ళ తరబడి డేకుతుంది. చిన్న దేశాలకు ఈ గుట్టు తెలిసిపోవడమే నా ఆవేదన.

డబ్బుతో మంచి చేసుకునే దారి కూడా ఒకటుంది. ఇరాన్‌తో యుద్ధం చేస్తున్నన్నాళ్ళూ ఇరాక్‌కు కువైట్ వందల కోట్ల డాలర్లు అప్పిచ్చింది. 1990 ఆగస్టు 2న బాకీదారుడు ఇంటికి వచ్చాడు, తీర్చడానికి మాత్రం కాదు. రెండు రోజుల్లో దేశం చేయి జారింది. అక్కడా పాలకుడు అమీర్ సౌదీకి దాటిపోయారు, మళ్ళీ సంతకం దొరకలేదు. ఏడు నెలల్లోపే ముప్పైకి పైగా దేశాలు కలిసి కువైట్‌ను విడిపించాయి. నేల కింద చమురు ఉన్నప్పుడు స్నేహితులకు కొదవుండదని గిట్టనివాళ్ళు అంటారు. నేననడం లేదు.

ఫిన్లాండ్ సంగతి వేరు. 1939 నవంబరు 30న సోవియట్ విమానాలు బాంబులు వేస్తుంటే, అవి బాంబులు కావు, ఆకలిగా ఉన్నవాళ్ళకు ఆహారం అని సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ సెలవిచ్చాడు. రొట్టె పంపినవాడికి తాగడానికి ఏమైనా ఇవ్వాలి కదా అని ఫిన్లాండ్ వాళ్ళు మండే సీసాలు తయారుచేసి ఆయన పేరే పెట్టారు. ప్రభుత్వ మద్యం కంపెనీ ఒక్కటే నాలుగు లక్షలకు పైగా నింపింది. యుద్ధం 105 రోజులు సాగింది. చీమలు పామును చంపిన కథ చెప్పేవాళ్ళు ఎన్ని చీమలు చచ్చాయో చెప్పరు. ఇక్కడ సుమారు 25 వేల మంది పోయారు, దాదాపు పదో వంతు భూమి పోయింది, పైగా పాము చావనే లేదు. హెల్సింకీలో జెండా మాత్రం మారలేదు.

ఇప్పటివాళ్ళు మరీ ముదిరిపోయారు, అతిథి బయల్దేరకముందే మనసు విరిచేస్తున్నారు. స్విట్జర్లాండ్ కొండల్లో పోయిన శతాబ్దంలోనే పశువుల కొట్టంలా కనిపించేదాని కిటికీలు ఉత్త పెయింటు, లోపల ఫిరంగి ఉండేది. ఎస్టోనియా తన భూమి రికార్డుల కాపీలు లక్సెంబర్గ్‌లో దాచుకుంది, ఇల్లు ఆక్రమించినా దస్తావేజులు ఇంట్లో ఉండవు. స్వీడన్ ఇంటింటికీ ఒక చిన్న పుస్తకం పంచింది: ప్రతిఘటన ఆపమని ఎవరు చెప్పినా, ఆ కబురు అబద్ధమే. అంటే ముందే లొంగుబాటును రద్దు చేసేశారు! 2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు ఆయుధాలు దించమంటున్నట్టు దొంగ వీడియో ఒకటి ఎంతో కష్టపడి చేసి వదిలారు. ఎవరూ నమ్మలేదు. ఉక్రెయిన్ చిన్న దేశమేమీ కాదు, పక్కనున్నవాడిని బట్టి చిన్నదిగా కనిపిస్తుంది. అక్కడి రోడ్ల సంస్థ అయితే ఊళ్ళ పేర్ల బోర్డులే పీకేయమంది. దారి అడిగితే చెప్పకపోవడం ఎంత తప్పు!

చివరికి నాకు ఆదర్శంగా కనిపించేది లీచ్‌టెన్‌స్టైన్ ఒక్కటే. 1868లోనే సైన్యాన్ని రద్దు చేసుకుంది. 2007 మార్చి 1న సుమారు 170 మంది స్విట్జర్లాండ్ సైనికులు చీకట్లో దారి తప్పి, తుపాకులతో కిలోమీటరుకు పైగా లోపలికి నడిచి, తప్పు తెలుసుకుని వెనక్కి వెళ్ళిపోయారు. స్విట్జర్లాండే కబురు చేస్తే గానీ తమ మీద దండయాత్ర జరిగిందని ఇంటివాళ్ళకు తెలియలేదు. అతిథికి అడ్డు లేదు, ఇంటివాడికి నిద్ర చెడలేదు. అలాంటి పొరుగువాణ్ణి ఎక్కడ అమ్ముతారో కనుక్కుని, మిగతా చిన్న దేశాలకు చిరునామా పంపాలని ఉంది.