సైన్యాధిపతిగా బిషప్ గారు: నా పూర్తి మద్దతు

1650 జూన్ 21న ఐర్లాండ్ ఉత్తరాన, లెటర్‌కెన్నీ దగ్గర స్కారిఫ్‌హోలిస్ అనే చోట అల్‌స్టర్ ప్రాంతపు కేథలిక్ సైన్యం ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా తప్పంతా బిషప్ హీబర్ మెక్‌మహన్ నెత్తినే రుద్దుతున్నారు, కత్తి పట్టడం తెలియని మతగురువుకి సైన్యాన్ని అప్పగిస్తారా అని. ఆ ఎంపికలో ఎంత రాజనీతి ఉందో ఒక్కరూ గుర్తించరేం?

ఓవెన్ రో ఓనీల్ స్పెయిన్ కొలువులో దశాబ్దాలు యుద్ధాలు చేసి వచ్చినవాడు, ఈ సైన్యాన్ని తయారుచేసిందే ఆయన. 1649 నవంబరులో పోయాడు. అప్పటికే ఇంగ్లండ్ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ దేశంలో దిగి ద్రోగెడాలో, వెక్స్‌ఫర్డ్‌లో నెత్తురు పారించాడు కాబట్టి కొత్త అధిపతి అర్జెంటుగా కావాలి. అందుకే అల్‌స్టర్ పెద్దలు అర్జెంటుగా, మరుసటి ఏడాది మార్చిలో, బెల్టర్‌బెట్ అనే ఊళ్లో కూర్చున్నారు. ఆశావహులకు కొదవ లేదు. ఓవెన్ రో కొడుకు హెన్రీ ఉన్నాడు. 1641 తిరుగుబాటు లేవదీసింది నేనే కదా అని ఫెలిమ్ ఓనీల్ ఉన్నాడు. ఇంకా ఆంట్రిమ్ ప్రభువు. ఓవెన్ రో సోదరుడి కొడుకు హ్యూ దూరంగా క్లాన్మెల్ కోటకు కాపలా కాస్తున్నాడు, రెండు నెలలకే క్రామ్‌వెల్ ఐర్లాండ్‌లో ఇంకెక్కడా తిననంత దెబ్బ అక్కడ తిన్నాడు, కానీ ఇలాంటి అర్హతలు మీటింగుల్లో ఎవరు చూస్తారు చెప్పండి. రాజుగారి పెద్ద భార్య మంచిదంటే చిన్న భార్య చెడ్డదని అర్థం వస్తుంది, ఒక ఓనీల్‌ని ఎన్నుకుంటే మిగతా ఓనీల్స్ అందరూ అలుగుతారు. బిషప్ గారితో ఆ టెన్షన్ లేదు. యుద్ధమే రాని మనిషిని చూసి ఏ సేనాని మాత్రం అసూయపడతాడు? ఏకాభిప్రాయం కుదిరింది, అందరూ సంతోషంగా ఇళ్లకు వెళ్లారు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆయన మరీ తీసికట్టుగా ఏమీ చేయలేదు. డెర్రీలో ఉన్న పార్లమెంటు సేనాని చార్లెస్ కూట్‌కీ, అవతలి దిక్కున ఉన్న మరో పార్లమెంటు సేనాని వెనబుల్స్‌కీ మధ్యలో దూరి ఇద్దరూ కలవకుండా చూడాలన్నది ప్లాను. వాళ్లు కలిశారు. వెనబుల్స్ నుంచి అదనపు బలగం కూట్‌ని చేరింది, సరిగ్గా ఆ సమయంలోనే బిషప్ గారు తన వాళ్లలో కొందరిని డో కోట పట్టుకోవడానికి పంపేశారు.

అయినా సైన్యం స్విల్లీ నది దగ్గర కొండవాలు మీద భద్రంగానే ఉంది. హెన్రీ, పాత అధికారులు బతిమాలారు, కదలకండి, వాళ్ల దగ్గర తిండి అయిపోతుంది, వాళ్లే పోతారు అని. అనుభవం ఉన్నవాళ్లు ఎప్పుడూ ఇంతే, ఉత్సాహం మీద నీళ్లు చల్లుతారు. బిషప్ గారు కొండ దిగమన్నారు. కింద పదాతి దళాన్నంతా ఒకే పెద్ద ముద్దగా నిలబెట్టారు. ముందున్న తుపాకీవాళ్లు వెనక్కి తగ్గి, తమ ఈటెలవాళ్ల మీదే పడ్డారు. ఆ ఇరుకులో అంత పొడుగు ఈటె తిప్పడానికి జాగా ఏది? మిగతా పని కూట్ గుర్రపు దళం చూసుకుంది. చచ్చినవాళ్లు వేలల్లో. ప్రాణభిక్ష మాట తీసుకుని లొంగిన హెన్రీని కూట్ తర్వాత చంపించాడు. బిషప్ తప్పించుకున్నారు గానీ ఎన్నిస్కిల్లెన్ దగ్గర దొరికిపోయారు, ఉరి తీసి తలను అక్కడి కోట మీద పెట్టారు.

ఇక ఆ సైన్యంలో పదవి కోసం పోట్లాట ఊసే లేదు, సైన్యమే లేదు కాబట్టి.

ఈ కూట్ గురించి ఒక మాట. ఏడాది కూడా తిరక్కముందు, 1649 ఆగస్టులో, డెర్రీలో ముట్టడిలో చిక్కుకున్న ఆయన్ని విడిపించింది సాక్షాత్తూ ఓవెన్ రో, ఇదే సైన్యంతో. ఇంగ్లండ్ రాజు పక్షం వాళ్లంటే అప్పట్లో ఇద్దరికీ పడదు, బేరం కుదిరింది. తర్వాత 1660లో గాలి మళ్లగానే ఆ రాజు పక్షం వైపే తిరిగి, మౌంట్రాత్ ప్రభువు అన్న బిరుదు కూడా పుచ్చుకున్నాడు. అందరికీ ఆమోదయోగ్యుడైన మనిషే కావాలనుకున్నప్పుడు బెల్టర్‌బెట్ పెద్దలు ఈయన పేరు ఎందుకు పరిశీలించలేదో నాకు అర్థం కాదు.